మూడో పీపా

ముందు మీకేం తగిలిందో చెప్పండి. మొహమాటం వద్దు.

పారమట్టా స్టేడియం వెనక సందులో, ఎర్ర ఇటుకల పాత పబ్బు ముందు నుంచి చీకటి పడ్డాక ఎప్పుడో నడిచే ఉంటారు. ఫుట్‌పాత్ అంచున ఒక ఇనప జాలీ ఉంటుంది. దాని కిందే సెల్లార్. ఎండాకాలంలో కూడా వణికించే చల్లటి గుంట అది. అయినా ఆ జాలీ మీద కాలు పెట్టినప్పుడు మీ చీలమండకి వెచ్చటి గాలి తగల్లేదూ? పక్కలో పడుకున్న మనిషి ఊపిరి వదిలినట్టు — ఒకసారి... ఆగి... మళ్ళీ ఒకసారి?

తగిలే ఉంటుంది. తగిలినా చెప్పరు. నలుగురూ నవ్వుతారని భయం. దెయ్యం కంటే మనకి అదే పెద్ద భయం!

ఆ పబ్బు పేరు విజిటర్స్ ఆర్మ్స్. బ్రిస్బేన్ నుంచో అడిలైడ్ నుంచో మ్యాచ్ చూడ్డానికి వచ్చే పరాయి జట్టు అభిమానులని చూస్తే ఊళ్ళో మిగతా పబ్బులు మొహం చిట్లిస్తాయి. ఇది మాత్రం తలుపులు బార్లా తీసి పెడుతుంది. యజమానురాలు మావిస్‌కి డెబ్బై ఆరేళ్ళు. ఇంగ్లండు ఉత్తరాన ఏదో బొగ్గుగనుల ఊరామెది. అక్కడ ఆమె తండ్రి పబ్బులోనూ ఇదే పద్ధతట, వచ్చినవాడు ఏ జట్టు అని అడగకూడదు. ఆమె అమ్మేది రియల్ ఏల్. అంటే గ్యాసు పట్టించని బీరు. పీపాలోనే ఇంకా పులుస్తూ ఉంటుంది. చేతిపంపు లాగితే కింద సెల్లార్ నుంచి పైకొస్తుంది.

ఇంకో పద్ధతి కూడా ఆమె వెంట తెచ్చుకుంది. మ్యాచ్ రోజు మొదటి గ్లాసుకి ముందు అభిమానులంతా నేలని మూడుసార్లు తన్నాలి. కింద పనివాడు కొయ్యసుత్తితో పీపాని మూడుసార్లు కొట్టి జవాబివ్వాలి. సరుకు సిద్ధమని అర్థం. అప్పుడే పంపు లాగుతారు.

ఆరేళ్ళ కిందట ఒక మ్యాచ్ రోజు, ఆ జవాబు మూడుతో ఆగలేదు. నాలుగు... ఆరు... పది... ఇరవై. పైనవాళ్ళు తమ పాటకి తాళం వేస్తున్నాడనుకున్నారు. సంబరపడి ఇంకా గట్టిగా పాడారు. పాట అయిపోయాక మావిస్ కిందికి దిగింది. సెల్లార్ చూసుకునే ఆమె భర్త ఆర్థర్ మూడో పీపాకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో సుత్తి అలాగే ఉంది. ఊపిరి లేదు.

అప్పటినుంచి ఆ చోటుకి చెడ్డపేరు వచ్చింది. అయిదుగురు పనివాళ్ళు మానేసి పోయారు. అందరిదీ ఒకటే మాట — మూడో పీపా ఊపిరి పీల్చి వదుల్తుంది.

ఆరో మనిషి పాండురంగ. నల్లగొండ పక్క కల్లుగీత కుటుంబం. చదువుకని వచ్చి, చెయ్యని పని లేకుండా చేసి, గిరావీన్‌లో రెండు గదుల ఇంట్లో భార్య లీలతో ఉంటున్నాడు. ఊపిరి సంగతి చెప్పింది కౌంటర్లో పంపు లాగే సంజయ్. విజయవాడవాడు, నోరు మూయడు.

"పులిసేది ఊపిరి ఇడవక చస్తదా?" అని నవ్వాడు పాండురంగ. "మా నాయిన దించిన కల్లు కుండకాడ చెవి పెడితే తెలుస్తది. బుస్సుబుస్సుమంటది."

అతని మాట నిజమే. పీపా పైన చిన్న కన్నం ఉంటుంది. పులిసే రోజుల్లో అందులో వెదురు బిరడా పెడతారు. గాలి దాన్లోంచి బుసకొడుతూ పోతుంది. బీరు తయారయ్యాక చెక్క బిరడా దిగ్గొట్టి ఆ గాలి ఆపేస్తారు. ఆపకపోతే తెల్లారేసరికి బీరు చప్పబడి, పుల్లబడి, పారబొయ్యడానికే పనికొస్తుంది.

సరిగ్గా అదే జరిగింది. మూడో పీపాకే. మ్యాచ్ ముందు రోజు పాండురంగ బిరడా కొట్టి, సెల్లార్‌కి తాళం వేసి ఇంటికి పోయాడు. మర్నాడు చూస్తే బిరడా నేల మీద ఉంది. పీపాలో మురిగిన మజ్జిగ వాసన.

రెండువారాల తరవాత మళ్ళీ అదే.

"రెండుసార్లయింది, లవ్," అంది మావిస్. ఆమె అందరినీ అలాగే పిలుస్తుంది, కోపంలో కూడా. "తాళంచెవి నీ దగ్గరుంది. మూడోసారి జరిగితే ఆ కాగితం మీద సంతకం పెట్టను."

ఆ కాగితం వీసాది. యజమాని సంతకం లేకపోతే పాండురంగా, లీలా పెట్టెలు సర్దుకోవాల్సిందే. పదకొండేళ్ళ చాకిరీ ఒక సంతకం కింద ఇరుక్కుంది.

నిజానికి తాళంచెవులు రెండు. రెండోది మేడ మీద మావిస్ మంచం పక్కన మేకుకి వేలాడుతుంది. అది ఎవరికీ గుర్తు రాలేదు! సరుకు పోతే యజమానిని ఎవడు అనుమానిస్తాడు? ముందు పనివాడి సంచీ వెతుకుతారు. ఆఖరికి పాండురంగకి కూడా ఆమె మీదికి మనసు పోలేదు. అతని అనుమానం సంజయ్ మీదికి పోయింది. కష్టజీవి అనుమానం పక్కనున్న కష్టజీవి మీదికే పోతుంది. ఎన్ని దేశాలు దాటినా ఈ జబ్బు మనల్ని వదల్లేదు.

"ఏంటి పాండన్నా, మీ తాతగారేమన్నా వచ్చి బిరడా పీకి తాగిపోతున్నారా?" అన్నాడు సంజయ్.

"నవ్వు, నవ్వు. నేను పోతే సెల్లార్ నీకే గద."

"ఆ చలిగుంట నాకెందుకయ్యా బాబూ!"

అన్నాడు గానీ చూపు తిప్పుకున్నాడు. పాండురంగ అది చూశాడు. గుర్తు పెట్టుకున్నాడు.

మర్నాడు మళ్ళీ మ్యాచ్ ఉందనగా, ఆ శుక్రవారం పని అయ్యాక పాండురంగ ఇంటికి పోలేదు. లీలకి ఫోన్ చేశాడు.

"సెల్లార్‌ల పండుకుంటవా? పిచ్చి లేసిందా నీకు?"

"సంజయ్‌గాడు వస్తడు. పట్టుకుంట."

"వాడు కాకపోతే?"

"ఎవడైతే ఏంది?"

లీల గొంతు తగ్గించింది — "అసలు మనిషే కాకపోతే...?"

అతను ఫోన్ పెట్టేశాడు.

తాటివనంలో ఎవరి కుండ వాళ్ళదేనని తెలియడానికి తలా ఒక గుర్తు పెట్టుకుంటారు. వాళ్ళ నాయనది రెండు సున్నపు గీతలు. పాండురంగ సుద్దముక్కతో మూడో పీపా బిరడా మీదుగా పీపా దాకా అవే రెండు గీతలు గీశాడు. బిరడా కదిలితే గీత తప్పుతుంది. లోపలి నుంచి తాళం వేసి, లైటు ఆర్పి, ఖాళీ పీపాల వెనక నక్కాడు.

పన్నెండు దాటింది. ఒంటిగంటైంది. ఎక్కడో నీటిచుక్క పడుతోంది...

హా...

అతను టార్చి తడుముకున్నాడు. బిరడాలన్నీ తన చేత్తోనే దిగ్గొట్టాడు. మరి ఈ ఊపిరెక్కడిది?

హా... హా... దగ్గరికొస్తోంది. మెట్ల మీద నుంచి. తాళం తిరిగింది. తలుపు కిర్రుమంది. తెల్లటి ఆకారం ఒకటి గోడ పట్టుకుని దిగింది. తిన్నగా మూడో పీపా దగ్గరికే వెళ్ళింది. వంగింది. చెక్క కీచుమంది — పీపా బుస్సుమని గాలి వదిలింది.

"ఇప్పుడు నయంగా ఉందా, ఆర్థర్?"

పాండురంగ టార్చి వేశాడు.

మావిస్. నైటుగౌను, వట్టి పాదాలు, చేతిలో పటకారు. మెట్లు దిగిన ఆయాసంతో రొమ్ము ఎగసిపడుతోంది. కళ్ళు మాత్రం నిద్రలో నడిచేవాళ్ళ కళ్ళలా లేవు. పూర్తి మెలకువతో ఉన్నాయి.

"బిరడా కొడితే అతనికి ఊపిరాడదు, లవ్," అంది గుసగుసగా. "నాకు మేడ మీదికి వినిపిస్తుంది."

"మీరే పీకి... నన్ను దొంగన్నారా?"

ఆమె పటకారు పీపా మీద పెట్టింది.

"మా ఆవిడ వారం నుంచి పెట్టెలు సర్దుతోంది. తెలుసా మీకు?"

"పొద్దున్నకి నాకిది గుర్తుండదు," అంది. "అంటే... గుర్తుండనివ్వను." తల దించుకుంది. "ఆ రోజు పైన నేనూ పాడుతున్నాను, పాండూ."

అతనికి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అయినా చలినేల మీది ఆ వట్టి పాదాలు చూసి మాట మింగాడు. మూడో పీపా దించేసి, దాని చోట ఖాళీ పీపా ఒకటి ఎక్కించాడు. "దీన్ని ఎవరూ ముట్టుకోరు. ఇక రాత్రిళ్ళు కిందికి రాకండి," అన్నాడు. మిగతా పీపాల బిరడాలు వరసగా చూసుకుంటూ, వదులైనవి దిగ్గొడుతూ పోయాడు. ఆమెను మేడ దాకా దిగబెట్టాడు. ఆమె తాళంచెవి కూడా తీసుకుని, సెల్లార్‌కి తాళం వేసి, రెండూ జేబులో పెట్టుకున్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. అయిపోలేదు.

శనివారం సాయంత్రం పబ్బు కిక్కిరిసింది. అడిలైడ్ నుంచి రెండు బస్సుల జనం, ఎర్ర స్కార్ఫులు. కౌంటర్ చివర మావిస్ కాగితం పరుచుకుంది. పాండురంగని పిలిచింది. పెన్ను తీసి 'మా...' అని మొదలుపెట్టింది.

అంతలోనే జనం మూడుసార్లు నేల తన్నారు.

అయ్యో, కిందికి దిగలేదే అనుకుని పాండురంగ తిరిగేలోగా...

టక్. టక్. టక్.

జనం హోరుమన్నారు. సంజయ్ పంపు లాగాడు. లాగుతూ, పైనే ఉన్న పాండురంగని చూశాడు. వాడి మొహం పాలిపోయింది. పాండురంగ జేబు తడుముకున్నాడు. రెండు తాళంచెవులూ ఉన్నాయి.

టక్. టక్. టక్. టక్...

ఆగలేదు. జనం పాట ఎత్తుకున్నారు.

మావిస్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఆమె బక్కచిక్కిన చేత్తో పాండురంగ చొక్కా పట్టుకుంది. "ఈసారి... ఆలస్యం చెయ్యొద్దు."

అతను పరిగెత్తాడు. తాళం తీసి లైటు వేశాడు. చప్పుడు ఠక్కున ఆగింది. లోపల ఎవరూ లేరు. కొయ్యసుత్తి మేకుకి వేలాడుతోంది... అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది.

అప్పుడు చూశాడు మూడో పీపాని. ఖాళీ పీపాకి బిరడా ఉంది! గట్టిగా దిగ్గొట్టి ఉంది. ఆ సుత్తి దెబ్బ ఎవరిదో కాదు, తనదే. రాత్రి వరసగా కొట్టుకుంటూ పోయిన చెయ్యి, అలవాటు చొప్పున దీనికీ కొట్టేసింది.

పటకారుతో పీకాడు. ఖాళీ పీపాలోంచి ఒక ఊపిరి వచ్చింది — పొడుగ్గా, వెచ్చగా, చాలాసేపు బిగబట్టి వదిలినట్టు. అతని ముంజేతి వెంట్రుకలు కదిలాయి.

పైకి వచ్చేసరికి సంతకం పూర్తయి ఉంది. మావిస్ కళ్ళు తుడుచుకుంటోంది.

పైపుల్లో గాలి చేరి కొట్టుకుందని సంజయ్ ఇప్పటికీ వాదిస్తాడు. అయ్యుండొచ్చు. పాండురంగ అతనికి ఒక గ్లాసు కొనిచ్చి, అనుమానించినందుకు క్షమాపణ చెప్పుకున్నాడు. సంజయ్ మాత్రం ఏ పని ఉన్నా సెల్లార్‌లోకి ఒక్క మెట్టు కూడా దిగడు.

ఇవాళ్టికీ మూడో చోట ఖాళీ పీపానే ఉంటుంది, బిరడా లేకుండా, వీధి జాలీ వైపు నోరు పెట్టి. దాంట్లో పులియడానికి ఒక్క చుక్క లేదు.

మరి ఆ రాత్రి మీ చీలమండకి తగిలింది ఎవరి ఊపిరి?