ఉప్పులేని ఆకు

డ్రైవర్ కాల్పుల్లో పోయాడు, నోరు విప్పకుండానే. అతని బూటు లేసుల్లో చిక్కుకున్న ఎడారి పొద కొమ్మ మాత్రం కర్నల్ చేతికి దొరికింది.

"మా దగ్గర్నుంచి పారిపోయిన సైంటిస్టును దాచింది వీడే. నాలుగింటికి విమానమొచ్చి ఆయన్ని ఎత్తుకుపోతుంది," అన్నాడు కర్నల్. "ఈ పొద ఏ రకం? ఎక్కడ పెరుగుతుంది? చెప్పండి ప్రొఫెసర్ గారూ."

ప్రొఫెసర్ వేషంలో ఉన్న ఏజెంట్ గడియారం చూశాడు. మూడుంబావు. కిటికీల్లేని గది, గోడ పైన ఒక వెంటిలేటర్. ఎండిన మొక్కలు అతికించిన అట్టలతో నిండిన బీరువాలు. ఒక్కటే తలుపు, అక్కడ గార్డు.

ఎర్ర గౌను సెక్రటరీ ట్రేలో కొమ్మ తెచ్చి ముందు పెట్టింది. భూతద్దం కింద ఆకు గుండ్రంగా, దళసరిగా కనిపించింది. ఉప్పునేల రకం, సందేహం లేదు. సైంటిస్టు ఉన్నదీ అక్కడే.

"రాళ్ల కొండల రకం," అన్నాడు తడుముకోకుండా.

కర్నల్ నవ్వాడు. "నేనూ నాలుగు పుస్తకాలు తిరగేశాన్లెండి. ఉప్పునేల రకమైతే ఆకు మీద ఉప్పు పేరుకుంటుంది. అబద్ధమని తేలితే మీరీ గది దాటరు."

కర్నల్ ఆకు తుంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"చప్పగా ఉంది. హెలికాప్టర్ కొండలకి పోనివ్వండి!" వెళ్తూ సెక్రటరీ వైపు తిరిగాడు. "నువ్వూ ఇక్కడే ఉండు. నాకెవరి మీదా నమ్మకం లేదు."

బయట తాళం పడింది.

"వాన వెలిసిందా?" అందామె మెల్లగా.

ఏజెంట్ ఉలిక్కిపడ్డాడు. అది తన ఆఫీసు కోడ్! "గొడుగు ఆరింది," అని బదులిచ్చి, "ఆకు చప్పబడిందేం?" అన్నాడు.

"మూడుసార్లు కడిగాను. టేబుల్ మీద ఇసుక రేణువు పడితే కర్నల్ ప్రాణం విలవిల్లాడుతుంది. కడిగి తెమ్మని తనే అన్నాడు!"

మూడూ యాభై ఎనిమిది. తలుపవతల గార్డు వైర్‌లెస్‌లో కర్నల్ గొంతు పేలింది. "కొండల్లో పురుగు కూడా లేదు! ఉప్పునేలకి మనవాళ్లని పంపండి! ఆ ప్రొఫెసర్ సంగతి నేనొచ్చి చూస్తా!"

సరిగ్గా నాలుగైంది. ఆమె చెవిపోగు సన్నగా బీప్‌మంది.

"సైంటిస్టుతో విమానం లేచింది," అంటూ ఆమె వెంటిలేటర్ కిందికి కుర్చీ లాగింది. "ముందు మీరెక్కండి. సందు ఇరుకు. వేషానికి కట్టుకున్న ఆ పొట్ట విప్పేయండి."

"విప్పేది కాదండీ," అన్నాడు ఏజెంట్ ఇబ్బందిగా.