అత్తయ్య చేతి కషాయం

పొద్దున్నే వీధిలోకి చేదు వాసన వచ్చిందంటే, ఆ ఇంటి పెద్దావిడ కషాయం పొయ్యి మీద పెట్టిందని అందరికీ తెలిసిపోయేది. నడుంనొప్పికీ, మోకాళ్ళకీ, బాలింతలకీ అన్నిటికీ ఒకటే వేరు, ఒకటే గిన్నె. ఆవిడ హస్తవాసి మంచిదని పక్కిళ్ళవాళ్ళు సీసాలు పట్టుకొచ్చి మరీ పోయించుకునేవారు. ఆవిడ నోరు మాత్రం ఆ కషాయానికంటే చేదు.

ఆ నోటి చేదంతా కోడలికే దక్కింది. ఆమెది వేరే జాతి, వేరే భాష. బస్సు డ్రైవరైన కొడుకు ఎక్కడో చూసి, మనసుపడి చేసుకొచ్చాడు. కుట్టుమిషను తొక్కుతూ ఇంటికి ఆసరాగా నిలబడ్డ ఆ మనిషికి ఇప్పుడు కాలేయంలో క్యాన్సర్. ఆపరేషన్‌కి లొంగే దశ దాటిపోయిందన్నారు. గోరుచుట్టుపై రోకటిపోటులా పైన అత్తగారి మాటలు.

"మీ జాతివాళ్ళకి ఈ జబ్బు ఎక్కువటగా, టీవీలో చెప్పారు. రక్తం చూసి చేసుకోరా అని మావాడికి అప్పుడే మొత్తుకున్నా. విన్నాడా?"

కోడలు బదులు చెప్పేది కాదు. చెప్పాలంటే ఒక్క ముక్క చాలు. ఆ ఒక్క ముక్కే ఆమె గొంతు దాటి రాలేదు.

పోయిన నెల భర్త డ్యూటీలో ఉంటే ఒంటరిగానే ఆసుపత్రికి వెళ్ళింది. గడ్డలోంచి తీసిన ముక్కకి జన్యుపరీక్ష చేయించిన డాక్టరమ్మ, కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "మీవాళ్ళలో ఇది ఎక్కువన్న మాట నిజమేనమ్మా. కానీ అందరికీ కారణం ఒకటే కాదు. కొందరికి పుట్టుకతో వచ్చే లోపం, కొందరికి వైరస్, కొందరికి తిన్నదీ తాగిందీ. నీకు పుట్టుకతో వచ్చిన లోపమేమీ కనబడలేదు. ఒక రకం వేరు మందు వాడినవాళ్ళ జన్యువుల్లో ఉండే దెబ్బలు మాత్రం కనబడ్డాయి. అలాంటిదేమైనా తాగేదానివా?"

లేదని తల అడ్డంగా ఊపి వచ్చేసింది. అప్పట్నుంచి తన వంతు కషాయం సింకులో పారబోస్తోంది.

ఆ రోజు కోడలు వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు రెండో గ్లాసు నింపుతోంది. ఎదురుగా కాలేజీకి తయారై కోడలి కూతురు చిట్టి నిలబడి ఉంది. పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నాకూ వస్తుందా నానమ్మా?"

"ఎందుకు రానిస్తానే! మీ అమ్మ రక్తం సగం నీలోనూ ఉందిగా, ఇప్పట్నుంచే శుభ్రం చేసుకోవాలి. ముక్కు మూసుకుని గుటుక్కున మింగెయ్."

చిట్టి గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుంది. కోడలు ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు, ఒక్క విసురుతో గ్లాసు ఎగరగొట్టింది. కషాయం గోడ మీద చింది కారింది.

"ఎంత పొగరే నీకు! నా చేత్తో ఇచ్చింది నేలపాలు చేస్తావా?"

"తాగకే తల్లీ! అది తాగకు. నాకు జబ్బు రక్తం వల్ల రాలేదు, దీనివల్లే వచ్చింది." ఆపైన డాక్టరమ్మ చెప్పిందంతా ఏడుస్తూ, ఆయాసపడుతూ చెప్పేసింది.

అత్తగారి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "నేనూ తాగానుగా. నాకేం కాలేదే?"

"అందరి ఒళ్ళూ ఒకటి కాదట అత్తయ్యా. కొందరికి ఏమీ కాదట, కొందరిని పట్టుకుంటే వదలదట. ఎందుకో వాళ్ళకీ పూర్తిగా తెలీదట."

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన నెల."

"నెలంతా రక్తం, రక్తం అని నిన్ను కాల్చుకు తింటుంటే పడ్డావా? నా మొహాన చెప్పడానికేం?"

"చిట్టి పుట్టినప్పుడు తెల్లారకముందే లేచి కాచేవారు. తల నిమిరి తాగించేవారు. ఈ ఇంట్లో మీరు నాకు ప్రేమగా ఇచ్చింది అదొక్కటే అత్తయ్యా. దాన్ని విషమని ఎలా అనను?"

పెద్దావిడ గోడకి చేరబడి కూలబడిపోయింది. చిట్టి వాళ్ళమ్మని పట్టుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపులో భయం ఉంది, ఊరటా ఉంది, ఊరట కలిగినందుకు సిగ్గూ ఉంది. అంతలో పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. ఏమైపోతుందోనని కోడలు గోడలు పట్టుకుంటూ వెనకే వెళ్ళింది.

పక్కింటామె తలుపు తీసి నవ్వింది. "నేనే వద్దామనుకుంటున్నా పెద్దమ్మా, సీసా అయిపోయింది."

"ఇంక తాగకు. మిగిలింది పారబొయ్. డాక్టరుకి చూపించుకో." అంది పెద్దావిడ. "నేను కాచింది తాగి మా అమ్మాయి నాకు కాకుండా పోతోంది."

పక్కింటామె తెల్లబోయింది. "అమ్మాయేంటి పెద్దమ్మా? మీకు ఒక్కడే కొడుకు కదా!"

పెద్దావిడ వెనక్కి తిరిగింది. మెట్టు దగ్గర ఆయాసపడుతూ నిలబడ్డ కోడల్ని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది.

"ఇదేనే మా అమ్మాయి" అంటూ వీధంతా వినేలా భోరుమంది.