దొరకని ఇంజన్ దొరికిందట!

వన్ టౌన్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం పైన డిటెక్టివ్ సుధారాణి ఆఫీసు. మెట్లెక్కి వచ్చేవాళ్ళు ముందు తుమ్ముతారు, తర్వాత కష్టం చెప్పుకుంటారు. ఆ ఉదయం వచ్చినావిడకి మాత్రం తుమ్మడానికి కూడా తీరిక లేదు. చేపల తట్ట గుమ్మం బయట దించి, లోపలికొచ్చి, చేతిలో ఉన్న ఫోను బల్లమీద పెట్టింది.

"నా కంప్లైంటు నానే వాపసు తీసుకున్నానంటన్నారమ్మా. నాను తీసుకోనేదు. ఇదేటి మాయో మీరే సెప్పాల."

సుధారాణి అసిస్టెంటు నాగవంశీ ఫోను అందుకుని మెసేజి పైకి చదివాడు. "పోయిన వస్తువు దొరికినందున, మీ కోరికపై ఫిర్యాదు మూసివేయబడింది."

"దొరికిందా?" అంది సుధారాణి.

"దొరికితే మీకాడికెందుకొత్తానమ్మా?"

ఆవిడ పేరు మహాలక్ష్మమ్మ. రెండేళ్ళ కిందట భర్త కామెర్లతో పోయాడు. ఆయన పడవ ఈమె పేరు మీదకొచ్చింది. వేట నిషేధం రోజులు కావడంతో పడవని ఒడ్డుకి లాగి పెట్టారు. ఒక పొద్దున చూస్తే ఇంజన్ లేదు. నిషేధం ఇంకో వారంలో ముగుస్తుంది. ఆ రోజు పడవ కదలకపోతే పనివాళ్ళు వేరే పడవలెక్కేస్తారు. ఆ తర్వాత ఆ పడవ పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

"ఊరి పెద్దలకి చెప్పలేదా?"

"పెద్దల కాడ ఆడోళ్ళు నోరెత్తకూడదమ్మా. నా తరపున మా ఇంట్లోనే ఉండే మరిది గురువులు మాటాడినాడు. ఓపిక పట్టమన్నారు. ఎన్నాళ్ళని పడతాను? మా అమ్మాయి ధనశ్రీ కాలేజీలో వినొచ్చింది. చిన్న దొంగతనాలకి టేసనుకి ఎల్లక్కర్లేదు, ఫోనులోనే పెట్టొచ్చంట. ఐసు కొట్టు ఉమామహేష్ బాబు చేత పెట్టించీసినాను."

"తర్వాత?"

"మర్నాడే ఈ మెసేజి. టేసనుకి ఎల్తే, దొరికిందని మూసీసి, మళ్ళీ పోయిందంటే నిన్నెలా నమ్మీది అనీసి ఒక కానిస్టేబుల్ కసురుకున్నాడు."

ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే ఆ ఫోనుకి ఓటీపీ వస్తుంది. అంటే ఫోను చేతికి చిక్కినవాడే ఈ పని చేశాడు. నాగవంశీకి ఈ ముక్క తట్టగానే మొహం వెలిగిపోయింది. "మళ్ళీ పెడదాం మేడమ్, ఇప్పుడే!" అన్నాడు.

"ముందు ఇంజన్ వెతుకుదాం. లేకపోతే మళ్ళీ దొరికిందని మెసేజి వచ్చేస్తుంది," అంది సుధారాణి, చెప్పులు వేసుకుంటూ.

నాగవంశీది గోపాలపట్నం. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డాడు. సముద్రం అంటే వాడికి బీచిలో మొక్కజొన్న పొత్తు తినే చోటు. పడవ దగ్గరికి వెళ్ళగానే దాని ముక్కుమీద ఏదో చెత్త కనిపించింది. వాడిపోయిన నిమ్మకాయ, వేపరెమ్మ, పసుపుతాడు. శుభ్రం చేద్దామని తీసి విసరబోయాడు.

"ఓలమ్మో! ముట్టుకోకు బాబూ!" మహాలక్ష్మమ్మ అరిచిన అరుపుకి పక్క పడవల మీది కాకులు లేచిపోయాయి. "అది గంగమ్మది. పూజ సేసి ఇంజన్‌కి కట్టినాను."

"ఇంజన్‌కి కట్టింది పడవ ముక్కుమీదకి ఎలా వచ్చింది?" అంది సుధారాణి.

"ఏమోనమ్మా. ఇంజన్ పోయిన పొద్దున్నుంచీ అక్కడే ఉంది. నాను కదపనేదు."

సుధారాణి వంగి చూసింది. తాడు తెగలేదు. ఎవరో ఓపిగ్గా ముడి విప్పి, నిమ్మకాయ దొర్లిపోకుండా కింద వేపరెమ్మ పరిచి మరీ పెట్టారు. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాగవంశీకి భక్తి పెరుగుతుంది.

ఐసు కొట్టు ఉమామహేష్ కృష్ణా జిల్లావాడు, మాట మెత్తన. కొట్టులో ఒక చెక్క అర, దానిమీద వరసగా ఫోన్లు.

"చేపలమ్మే ఆడవాళ్ళవండీ. చేతులు ఎప్పుడూ తడే కదా. ఉప్పుకీ కత్తికీ వేళ్ళు అరిగిపోయి ఫోను తాళం కూడా తెరుచుకోదు. అందుకని తాళాలే పెట్టరు. ఫోన్లు ఇక్కడుంచి అమ్మకానికి పోతారండీ."

"ఎవరైనా వచ్చి తీసుకోవచ్చా?"

"అదెలా కుదురుద్దండీ? పరాయివాళ్ళు చెయ్యేస్తే ఊరుకోను. ఇంటివాళ్ళు వస్తే మాత్రం అడగను. ఎవరి ఇంటి ఫోను వాళ్ళు తీసుకుంటారు, పెడతారు. ఎవరొచ్చిందీ నేను గుర్తు పెట్టుకోనండీ."

బయటికి రాగానే నాగవంశీ గొంతు తగ్గించాడు. "ఫిర్యాదు రాసింది వీడే, ఫోను ఉన్నది వీడి దగ్గరే. ఇంకేం కావాలి మేడమ్?"

"దొంగ కావాలి," అంది సుధారాణి.

తర్వాత గవర్రాజు. పక్క పడవ ఆయనది. పడవ లాగే చోటు గురించి మహాలక్ష్మమ్మతో తగువు పడ్డాడని ఊరంతా తెలుసు. గుమ్మంలో గడ్డం మాసి కూర్చున్నవాడు వీళ్ళని చూసి లేచి కుర్చీ జరిపాడు. మర్యాద అంతవరకే.

"నాను దొంగనా? మా అమ్మ పోయి ఇంకా పెద్దకర్మ కూడా అవనేదు. ఆ ఇంజన్ పోకముందు నుంచే మైలలో ఉన్నాను. దేవుడి గదిలోకే ఎల్తన్నానా, నా పడవే ముట్టుకుంటన్నానా? పొండి పొండి!"

చివరికి గురువులు. పడవల నీడలో వల కుప్ప మీద కూర్చుని చిరుగులు కుడుతున్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్ళు వీళ్ళని చూసి లేచి పక్కకి జరిగారు. గురువులు కూర్చున్నచోటనే తలూపాడు.

"రా వదినా. ఎవురీ అమ్మగోరు? ఇంటి మాట ఊళ్ళో పెట్టీసినావేటి?"

"ఇంజన్ ఎవరు తీసుంటారనుకుంటున్నారు?" అంది సుధారాణి.

"ఆ ఐసు కొట్టోడే అయ్యుంటాడు. పరాయోడు కదా." సూది ఆగలేదు. "ఏటైనా, ఇంజన్ నేని పడవ నీకేటికి వదినా? నాకిచ్చీ. ఈ ఏడు మన పడవలో పన్జేసే గోపీగాడి చేత నడిపిస్తానన్నావు. నిన్నమొన్నటి కుర్రోడు, ఆడికేటి తెలుసు?"

మిగతావాళ్ళ వలలన్నీ అప్పటికే పడవలెక్కాయి. సుధారాణి ఆ కుప్పని ఒకసారి, దానిమీద మనిషిని ఒకసారి చూసింది.

"మహాలక్ష్మమ్మగారూ, పెద్దల్ని పిలిపించండి. ఇక్కడికే. గురువులుగారు పని ఆపక్కర్లేదు."

ఊరిపెద్ద సింహాద్రి వచ్చాడు. ఉమామహేష్, గవర్రాజు, కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చిన ధనశ్రీ, ఊళ్ళో సగం మంది వచ్చారు. పెద్దలు బల్లమీద కూర్చున్నారు. మహాలక్ష్మమ్మ ఇసకలో నిలబడింది.

"ఇంజన్ పట్టుకుపోయినవాడు గంగమ్మ నిమ్మకాయని విప్పి, జాగ్రత్తగా పడవ మీద పెట్టి వెళ్ళాడు," అంది సుధారాణి. "పరాయివాడికి అది చెత్త. మా నాగవంశీ విసిరేయబోయాడు, మహాలక్ష్మమ్మగారే చూశారు. కాబట్టి దొంగ ఉమామహేష్ కాదు. అమ్మవారికి భయపడే మనిషి. ఇంజన్‌కి భయపడలేదు, వదినకి భయపడలేదు, నిమ్మకాయకి భయపడ్డాడు."

జనంలో గుసగుస లేచింది. నాగవంశీ చెవులు ఎర్రబడ్డాయి.

"గవర్రాజుగారికి కోపం ఉంది. కానీ ఆయన మైలలో ఉన్నారు. మైలలో ఉన్న మనిషి అమ్మవారి తాడు ముట్టుకుంటాడా?"

"సచ్చినా ముట్టుకోడు," అన్నాడు సింహాద్రి.

"ఇక ఫోను. ఇంటివాళ్ళయితేనే అడక్కుండా తీసుకోగలరు. పోలీసులు వెతుకుతారని భయపడి, దొరికిందని చెప్పి ఫిర్యాదు మూసేశాడు. మహాలక్ష్మమ్మగారు కాక ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. ధనశ్రీ తనే పెట్టమన్న ఫిర్యాదు తనే ఎందుకు మూస్తుంది?"

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు..." అన్నాడెవరో.

"ఈశ్వరుడికి తీరిక ఉండదు. నాకుంది," అని సుధారాణి గురువులు వైపు తిరిగింది. "పొద్దున మేం వచ్చినప్పుడు అందరూ లేచారు. తగువున్న గవర్రాజుగారు కూడా లేచారు. వదిన అంటే తల్లి తర్వాత తల్లి. ఆవిడ వస్తే మీరు లేవలేదు. ఇప్పుడు ఊరిపెద్ద వచ్చినా లేవలేదు. పాపం, కాళ్ళనొప్పులా? కాస్త లేచి మీ వదినకి చోటివ్వండి."

గురువులు లేవలేదు. సూది ఆగిపోయింది.

"లెగరా," అన్నాడు సింహాద్రి.

అప్పుడు లేచాడు. గోపీ, మరో ఇద్దరూ వల లాగారు. కుప్ప అడుగున గోనెసంచుల్లో చుట్టిన ఇంజన్ బయటపడింది. ధనశ్రీ తల్లి భుజం పట్టుకుని ఏడ్చేసింది. మహాలక్ష్మమ్మ ఏడవలేదు.

"అన్న పోయాక ఆ పడవ నాదే అవుతాదనుకున్నాను," అన్నాడు గురువులు ఇసకకేసి చూస్తూ. "కుర్రోడి కింద పన్జెయ్యమంటే మనసొప్పనేదు. ఇంజన్ నేకపోతే నాకే ఇచ్చీస్తాదనుకున్నాను."

సింహాద్రి గొంతు సవరించుకున్నాడు. "సరే. వస్తువు దొరికింది. ఇంటి మాట ఇక్కడే తెంపీద్దాం. పోలీసులెందుకు మనకి?"

తలలన్నీ ఊగాయి. నాగవంశీకి ఒళ్ళు మండింది గాని, సుధారాణి కళ్ళతోనే ఆపింది. ఆమె పని అయిపోయింది. ఇక మాట్లాడాల్సిన మనిషి వేరే ఉంది.

మహాలక్ష్మమ్మ నడిచొచ్చి పెద్దల బల్ల ముందు ఆగింది. ఆ చోట ఆడమనిషి నిలబడటం అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు. చెయ్యి తడికొంగుకే తుడుచుకుని ఫోను తీసింది.

"నాగవంశీ బాబూ, మళ్ళీ రాయి. ఇంజన్ ఎవురు తీసినాడో రాయి. నా కంప్లైంటు ఎవురు మూసీసినాడో అదీ రాయి."

"దొరికింది కదమ్మా!" అన్నాడు సింహాద్రి.

"దొరికింది బాబూ. కాని దొరికిందని నాను సెప్పాల, ఆడు కాదు. మూసీదేదో నానే మూస్తాను, నాకు మూయాలనిపించిన్నాడు."

నాగవంశీ రాసి, ఫోను ఆవిడకి అందించాడు. ఆవిడ వేలు పెట్టింది. తడికి తెర కదల్లేదు. సింహాద్రి ఒక్క క్షణం తటపటాయించి, భుజం మీది కండువా తీసి అందించాడు. ఆవిడ వేలు పొడిగా తుడుచుకుని మళ్ళీ నొక్కింది.

ఫిర్యాదు అందిందని మెసేజి వచ్చింది. ఫోను బొడ్లో దోపుకుని, ఇంజన్ పడవకి ఎత్తమని గోపీకి చెప్పి, ఆవిడ దానికి మళ్ళీ కట్టే నిమ్మకాయ కోసం వెళ్ళింది.