మొక్కుకోడి రెక్కల కింద

కరెంటు పోయిందని ఆ ఇంట్లో అందరికన్నా ముందు కోడిపిల్లలకే తెలిసేది. బల్బు ఆరిన కాసేపటికే కిచకిచలు మొదలయ్యేవి. ఆ శుక్రవారం పొద్దున రాణి ఆ చప్పుడుకే లేచింది. జుట్టైనా ముడుచుకోకుండా వసారాలోకి వెళ్లి అట్టపెట్టె మూత తీసి చూసింది. పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అడుగున పడినవి రెండు కదలడం లేదు.

ఆ అట్టపెట్టె సతీశ్ దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు దుప్పట్లూ సబ్బులూ పాలపొడి డబ్బాలూ నింపి, తాళ్లు బిగించి తెచ్చినది. పక్కన అతని పేరు, ఊరు, ఇబ్రహీంపట్నం మండలం, జగిత్యాల జిల్లా అని నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాలు ఉంటాయి. పంజరం కొనే స్తోమత లేక రాణి దానికే గాలి రంధ్రాలు పొడిచింది. అడుగున వరి ఊక పోసింది, పైన బల్బు వేలాడదీసింది. నీళ్ల పళ్లెంలో పిల్లలు మునిగిపోకుండా గులకరాళ్లు వేసింది. మొదటి రోజు బెల్లం నీళ్లు, తర్వాత చిటికెడు పసుపు కలిపిన నీళ్లు, మేతకు ఇంట్లో నూకలు. అంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్యే. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య పెరిగిన మనిషికి కోళ్ల సంగతి ఎవరు చెప్పారు గనక?

"సచ్చినయా?" అంది వెనక నుంచి అత్త లచ్చవ్వ, పళ్లపొడి చేతిలో పోసుకుంటూ.

"రెండు పోయినయ్ అత్తమ్మా."

"బండి మీద అమ్మేటోని కాడ అగ్గువకు దొరికినయని కొంటివి. తల్లి లేని పిల్లలు అగ్గువనే ఉంటయ్. సాదుడే కష్టం."

ఆ మాట రాణికి సూదిలా దిగింది. చచ్చిన పిల్లలను కాగితంలో చుట్టి పెరట్లో పాతిపెట్టి వచ్చేసరికి సతీశ్ అరుగు మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు, చెంచాతో. దుబాయ్ నుంచి వచ్చి రెండు నెలలవుతున్నా అతనికి ఆ చెంచా అలవాటు పోలేదు. అన్నం కూడా చెంచాతోనే. "అక్కడ అందరం గిట్లనే తింటం" అనేవాడు. "మా ఆయన దొరైండు" అని రాణి వాడకట్టంతా చెప్పుకుని నవ్వింది కూడా. బండి నడపడం కూడా మరిచిపోయానని, ఎక్కడికి పోయినా షేర్ ఆటోలోనే పోతున్నాడు.

"ఎన్ని మిగిలినయ్?" అన్నాడు సతీశ్ తల ఎత్తకుండానే.

"ఉన్నయ్. అన్నీ సావలేదు."

అతను నవ్వాడు. "రేపు కోరుట్ల పోతున్న. ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చొస్త. అచ్చే వారం టికెట్ అంటున్నడు."

ఆ కోడిపిల్లలు రాణికి ఉత్త కోడిపిల్లలు కావు. "ఇగ పోకు. పొలమున్నది, పసుపున్నది, నేను కోళ్లు పెంచుత, ఇంట్లనే ఉండి బతుకుదాం" అని ఆమె బతిమాలినప్పుడు సతీశ్ తేలిగ్గా ఒక మాట అన్నాడు. "ముందుగాల ఆ పిల్లల్ని బతికించి సూపెట్టు, అప్పుడు మాట్లాడుదాం." చిన్నపిల్లలను మాటల్లో పెట్టడానికి అన్నట్టు అన్నాడు. రాణి మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది. కూతురు హర్షిత పుట్టినప్పుడు కూడా అతను ఇక్కడ లేడు. ఇప్పుడు పోతే మళ్లీ ఎన్నేళ్లకో. అందుకే ఒక్కో పిల్ల చచ్చినప్పుడల్లా అతను ఒక్కో అడుగు విమానం వైపు వేసినట్టే ఆమెకు అనిపించేది.

ఆ సాయంత్రం మబ్బు పట్టి మళ్లీ కరెంటు పోయింది. ఈసారి వచ్చేలా కనపడలేదు. రాణి పెట్టె పక్కన కూర్చుని తన పాత చీర కప్పి చూసింది, వేడినీళ్ల సీసా పెట్టి చూసింది. పిల్లల అరుపు తగ్గలేదు. అప్పుడే ఆమె చూపు పెరటి మూల గంప మీద పడింది.

గంప కింద లచ్చవ్వ నల్లకోడి ఉంది. అది పొదుగుకు వచ్చి చాలా రోజులైంది. లచ్చవ్వ గుడ్లన్నీ తీసేసింది, చల్లనీళ్లలో ముంచి చూసింది. అయినా అది ఉత్త గడ్డి మీదే మొండిగా కూర్చుంది. దాని కాలికి పసుపు దారం ఉంది. అది పోచమ్మకు విడిచిన మొక్కుకోడి. చలికాలంలో, సతీశ్ ఇంకా దుబాయ్‌లో ఉన్నప్పుడు, తల్లీకొడుకులు ఫోన్లో గుసగుసగా మాట్లాడుకున్న రోజుల్లో లచ్చవ్వ ఆ దారం కట్టింది. ఎందుకని అడిగితే మొక్కు బయటికి చెప్పేది కాదని కోడలి నోరు మూయించింది. కొత్త వీసా కోసమే మొక్కి ఉంటుందని రాణి అనుకుంది. వీసా వచ్చింది. ఎల్లుండి ఆదివారం ఊరి బోనాలు. లచ్చవ్వ ఆ కోడితో మొక్కు తీర్చుకుంటుంది, కొడుకును విమానం ఎక్కిస్తుంది. ఇదీ రాణి లెక్క.

చీకటి పడే వేళ కోడికి చూపు ఆనదని, అప్పుడు పిల్లలను మెల్లగా రెక్కల కిందికి తోస్తే తనవే అనుకుంటుందని ఏదో వీడియోలో చూసింది. రాణి గంప ఎత్తింది. ఒక్కో పిల్లను అరచేత మూసి, ఊపిరి బిగబట్టి, కోడి పొట్ట కిందికి జరిపింది. మొదటి పిల్లకు కోడి గుర్రుమంది. రెండో పిల్లకు ఊరుకుంది. అన్నీ పెట్టడం అయ్యేసరికి అది రెక్కలు కాస్త విప్పి, ఒళ్లు సర్దుకుని, గొంతులో మెత్తగా ఏదో గొణుక్కుంది. కిచకిచలు ఆగిపోయాయి. రాణికి కళ్లనీళ్లు వచ్చాయి.

మర్నాడు సతీశ్ పొద్దున్నే పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకుని కోరుట్ల ఆటో ఎక్కాడు. హర్షిత బడికి పోయింది. రాణి గిన్నెలు తోముతుంటే పెరట్లోంచి అత్త గొంతు వినపడింది.

"రాణీ, ఇటు రా. గీ పనెవలిది?"

లచ్చవ్వ గంప సగం ఎత్తి పట్టుకుని ఉంది. నల్లకోడి ఈకలు నిక్కబొడుచుకుని ఆమె చేతి మీదికి ముక్కు చాపుతోంది. దాని రెక్కల సందుల్లోంచి పసుపుపచ్చ తలలు తొంగి చూస్తున్నాయి. రాణి కళ్లతోనే లెక్కపెట్టుకుంది. ఒక్కటి కూడా తగ్గలేదు.

"నేనే ఏసిన అత్తమ్మా. కరంటు రాకపాయె. అన్నీ సచ్చిపోతుండె."

"రేపు బోనం పెట్టుకోని ఇయ్యాల మొక్కుకోడి కింద పిల్లల్నేస్తవా? పిల్లలకోడిని కొయ్యరు. ఆ సంగతి నీకు తెల్వదా?"

"తెల్వది."

నిజంగానే తెలియదు. కానీ ఆ మాట వినగానే లోపల ఏదో సంతోషం కదిలింది. ఆ సంతోషం ఆమె ముఖంలో కనపడిందో ఏమో, లచ్చవ్వ గొంతు పెరిగింది.

"తెలిసే జేసినవ్. నా మొక్కుకు అడ్డం పడాలని జేసినవ్. తియ్యి. అన్నిటినీ తీసి నీ పెట్టెల ఏసుకో."

"తీస్తే సస్తయ్."

"సస్తే సావనియ్. పది రూపాయల పిల్లలకోసం దేవునితోని ఆటలాడుతవా?"

రాణి చేతిలోని గిన్నె పక్కన పెట్టింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి అత్తకు ఎదురు చెప్పి ఎరగదు. ఇప్పుడు మాత్రం వెళ్లి గంపకూ ఆమెకూ మధ్యన కూర్చుంది.

"నేను తియ్య. గివి సస్తే ఆయన పోతడు. నీకు గదే గావాలె గద. వీసా అచ్చిందని మొక్కు తీరుస్తున్నవ్. కొడుకు పంపే పైసలే గావాలె నీకు, కొడుకు వద్దు."

లచ్చవ్వ చేతిలోంచి గంప జారింది. కోడి రెక్కలు టపటపలాడించి మళ్లీ సర్దుకుంది.

"వీసా కోసమా?" అంది లచ్చవ్వ. "వీసా కోసం మొక్కిన్నని ఎవలు జెప్పిన్రు నీకు?"

"ఎవలు జెప్పాలె? నువ్వు జెప్పకపోతివి. నేననుకున్న."

లచ్చవ్వ మోకాళ్లు పట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది.

"వాని పానం కోసం మొక్కిన బిడ్డా. చలికాలంల వాని మీద సెంట్రింగ్ చెక్కలు కూలినయ్. కుడిచెయ్యి నుజ్జునుజ్జయింది. రెండుసార్లు ఆపరేషన్ జేసిన్రు. దవాఖానల నుంచి వాడు ఫోన్ జేస్తే, తల్లీ, నా కొడుకును ఇంటికి తోలు, నీకు కోడినిస్త అని మొక్కిన. తోలింది. ఇంటికచ్చిండు. మొక్కు తీర్చకుంటనే మల్ల పోతనంటుండు. నాకు భయమైతుంది."

రాణికి మొదట ఆ మాటలు తలకెక్కలేదు. అరచేతి వెనక మచ్చ చూసి ఏంటని అడిగితే, అద్దం గీసుకుందన్నాడు. ఆమె నమ్మింది. చెంచా. నడపని బండి. ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా. హర్షితను ఎత్తుకోమంటే "పెద్దగైనవ్ గద" అని తప్పించుకోవడం. ఆమె దొరతనం అనుకుని నవ్వినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి ముందు నిలబడ్డాయి. సిగ్గుతో ముఖం కాలింది.

"వేళ్లు ముడుసుకుంటలేవు" అంది లచ్చవ్వ. "గిప్పుడు పోయేది మూటలు మోసే పనికి. ఎడమచేత్తోని ఎల్లదీస్తడట."

"తెలిసి తెలిసి ఎట్ల తోలుతున్నవ్ అత్తమ్మా? నాకెందుకు జెప్పలే?"

"ఒట్టేయించుకున్నడు. 'రాణికి తెలిస్తే నన్ను చేతగానోని లెక్క జూస్తది' అన్నడు." లచ్చవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు కోళ్లు పెంచుత అంటే నాకు గావరైంది. అవి సచ్చిపోతే వాడు పోవుడు ఖాయమైతది గద. అందుకే కసిరిన. ఇయ్యాల సావనియ్ అన్నది గూడ మొక్కు తప్పుతదన్న భయంతోనే. మంచిగ జెప్పుడు నాకు రాకపాయె."

రాణి లేచింది. ఫోన్ తీసి సతీశ్‌కు కలిపింది. అవతల బస్సుల హారన్లు, కోరుట్ల బస్టాండ్ గోల.

"ఇచ్చినవా పాస్‌పోర్టు?"

"ఏజెంటు ఆఫీసు ముంగట్నే ఉన్న. ఎందుకు?"

"ఇయ్యకు. ఇంటికి రా."

"ఏమైంది? హర్షికి ఏమన్న అయిందా?"

"అత్తమ్మ జెప్పింది. చెయ్యి సంగతి."

అవతల ఫోన్ కట్ అయింది. అతను వస్తాడో, కోపంతో పాస్‌పోర్టు ఇచ్చేస్తాడో రాణికి తెలియలేదు. అత్తాకోడళ్లు పొయ్యి కూడా వెలిగించకుండా పెరట్లోనే కూర్చున్నారు. వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ తలెత్తారు. రెండు ఆటోలు ఆగకుండానే పోయాయి. మూడోది గడప ముందు ఆగింది.

సతీశ్ పెరట్లోకి వచ్చాడు. జేబులో పాస్‌పోర్టు అంచు కనపడుతోంది. ముఖం మాత్రం గట్టిగా ఉంది.

"అవ్వా, ఒట్టేసి మల్ల జెప్తివా?" అన్నాడు తల్లితో. తర్వాత రాణి వైపు తిరిగాడు. "సరే, తెలిసింది గద. ఇగ ఏం జేస్తవ్? ఈ చేత్తోని పార పడ్తనా, బండి నడుపుతనా? ఇక్కడుంటే తిని కూసునుడే. ఊరోళ్లు అడిగితే ఏం జెప్తవ్?"

రాణి గంప అంచు ఎత్తి, కోడి ముక్కుతో పొడుస్తున్నా లెక్కచేయక ఒక పిల్లను తీసింది.

"చెయ్యి పట్టు" అంది.

అతను ఎడమచెయ్యి చాచాడు.

"అది గాదు. కుడిది."

సతీశ్ కుడిచెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రాణే అతని చొక్కా చేతిని పైకి మడిచి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. మోచేతి నుంచి అరచేతి వెనక దాకా కుట్ల గీతలున్నాయి. రెండు నెలలు ఒకే ఇంట్లో ఉండి ఆమె మొదటిసారి ఆ చేతిని పూర్తిగా చూసింది. అరచేతిలో పిల్లను పెట్టింది.

"పడ్తది" అన్నాడు సతీశ్ కంగారుగా. "వేళ్లు ముడుసుకోవు రాణీ, పట్టు దొరకది."

"గట్టిగ పడితే సస్తది. దాన్ని పట్టుకునుడే గట్ల."

పిల్ల అరచేతిలో అటూ ఇటూ చూసింది. ముడుచుకోని ఆ వేళ్ల మధ్య కాళ్లు సర్దుకుని కూర్చుంది. సతీశ్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు. దవడ బిగించి ఆపుకున్నదంతా ఒక్కసారిగా కళ్లలోంచి దిగింది. చెయ్యి కదిలితే పిల్ల పడుతుందేమోనని కళ్లు తుడుచుకోను కూడా లేదు.

"బతికించి సూపెట్టు అన్నవ్" అంది రాణి. "బతికినయ్. ఊరోళ్లకు నేను జెప్త. నువ్వు నాకు జెప్పు సాలు. నువ్వు చేతగానోనివని నేను ఎన్నడన్నా అన్ననా?"

అతను లేదన్నట్టు తల ఊపి, ఎడమచేత్తో జేబులోని పాస్‌పోర్టు తీసి ఆమె చేతికిచ్చాడు.

లచ్చవ్వ కోడి కాలి పసుపు దారం విప్పలేదు. గంప ముందు కూర్చుని, పోచమ్మ గుడి ఉన్న దిక్కుకు చేతులు జోడించింది. "తల్లీ, కోడిని ఎగ్గొడ్తలేను. పిల్లలు దానిని ఇడిసినంక తెస్త. రేపు బోనం ఎత్తుత, బెల్లం అన్నం పెడ్త. నువ్వు గూడ తల్లివే, నీకు తెల్వదా" అని చెప్పుకుంది. తర్వాత కోడలి వైపు తిరిగి, ఎప్పటి కటువు గొంతుతోనే అంది. "ఉత్త నూకలేస్తే బలమెక్కది. పెంటకుప్ప కాడ తవ్వి చెదలు ఏరి ఎయ్యాలె. సోమవారం పశువుల దవాఖానకు తీస్కపోయి రోగం రాకుంట కండ్లల్ల మందు చుక్కలు ఏయించు. నేను గూడ అస్త."

మధ్యాహ్నం దాటాక పొయ్యి వెలిగింది. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. రాణి అన్నం, పప్పు వడ్డించింది. చెంచా మాత్రం పెట్టలేదు. మరిచిపోయిందో, ధైర్యం చాలక ఊరుకుందో ఆమెకే తెలియదు. సతీశ్ కంచం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఇదివరకైతే దుబాయ్ అలవాటు గురించి ఏదో ఒకటి చెప్పి నవ్వేవాడు.

"రాణీ, చెంచా ఇయ్యవా" అన్నాడు మెల్లగా. "చేతికి ముద్ద అందుతలేదు."

రాణి లోపలికి వెళ్లి చెంచా తెచ్చి, కడిగి, తన కొంగుతో తుడిచి అతని ఎడమచేతిలో పెట్టింది.