మౌనం నొక్కిన మధ్యాహ్నం

"మేడం, దీపం ఎర్రగైంది!"

స్తంభం మీది నుంచి ఓబులేసు గొంతు రేడియోలో వినగానే, కంట్రోల్ రూంలో డాక్టర్ షమీనా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కదలొద్దు. తెగిన తీగ ఎక్కడుంది?"

"భయంతో చేతిలోంచి వదిలేసినా. మోకాలికి జానెడు దూరంలో ఊగుతాంది. దిగాలంటే దాన్ని రాసుకునే దిగాల."

కొత్త ఎర్రమిట్టలో రెండు వేల నాలుగు వందల ఇళ్లు. ప్రతి మేడ మీదా సోలార్ ప్యానెళ్లు, ప్రతి గోడకూ షమీనా తయారుచేసిన 'కలబోత' పెట్టె. ఒక ఇంటికి కరెంటు చాలకపోతే మిగతా ఇళ్ల ప్యానెళ్లు ఆ లోటు తీరుస్తాయి. అందుకే ఆ ఊళ్లో కరెంటు దానంతటది పోదు. చిక్కల్లా అదే. వెనకటికి సబ్‌స్టేషన్‌లో ఒక్క స్విచ్ దించితే తీగలో కరెంటు పోయేది. ఇప్పుడు ప్రతి మేడా ఒక సబ్‌స్టేషనే. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు షమీనా 'మౌనం' అనే బటన్ నొక్కితే, పెట్టెలన్నీ ఒకేసారి తమ ప్యానెళ్లను తీగ నుంచి విడదీస్తాయి; అంతసేపూ ఇళ్లలో కరెంటు ఉండదు. లైన్‌మన్ హెల్మెట్ అంచున కళ్ల ముందుండే దీపం పచ్చగా మారుతుంది. దగ్గర్లో కరెంటు ఉంటే ఎర్రగా వెలుగుతుంది.

ఇందాక పచ్చగా ఉండబట్టే ఓబులేసు ఎక్కాడు.

షమీనా స్క్రీన్ చూసింది. అన్ని పెట్టెల దగ్గరా సున్నా. తీగ మీద మాత్రం రెండు వందల ఇరవై వోల్టులు! ఒకటి రెండు ఇళ్ల నుంచి వస్తుంటే వీధులన్నీ లాగే కరెంటుకే వోల్టేజ్ కూలిపోవాలి. ఇంతగా నిలబడిందంటే తక్కువలో తక్కువ ఐదారు వందల ఇళ్లు. ఆమె వెళ్లి కిటికీ తెరిచింది.

ఊరంతా కూలర్ల హోరు.

"ఓబులేసూ, వీళ్లేం చేశారు?"

ఓబులేసు గొంతు తగ్గించాడు.

"జంపర్లు మేడం. పెట్టెకు ఇవతలి తీగనూ అవతలి తీగనూ కలిపి స్విచ్ పెట్టుకున్యారు. ఉక్క తట్టుకోలేకపోతే వేసుకుంటారు. మా ఇంట్లోనూ ఉంది."

షమీనా మైకు అందుకుంది. "స్తంభం మీద మనిషి ఉన్నాడు! జంపర్లు తీసేయండి!" వీధివీధినా లౌడ్‌స్పీకర్లు అరిచాయి. హోరు రవంతైనా తగ్గలేదు. బయట నలభై తొమ్మిది డిగ్రీలు.

ఓబులేసు భార్య చౌడమ్మకు ఫోన్ చేసింది.

"ఆపుతాంలే మేడం. ముందు అందరినీ ఆపమనండి. మా అమ్మకు ఉక్క పడదు. మా ఒక్క కూలర్‌కే మనిషి సస్తాడా?"

"పైన ఉన్నది మీ ఆయన."

"ఆయనెందుకు ఉంటాడు? ఇయ్యాల డ్యూటీ వీరన్నది కదా!"

"వీరన్నకు జ్వరం. పొద్దున్నే మార్చుకున్నారు."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడు.

కిటికీలోంచి షమీనాకు చౌడమ్మ కనిపించింది. చెప్పుల్లేకుండా పరుగెత్తుతూ తలుపు తలుపూ బాదుతోంది. "ఆపండమ్మా! పైనున్నది మా ఆయనే!"

"ఆపుతాం లేమ్మే," ఒక కిటికీ వెనక నుంచి ఎవరో అన్నారు. "ఫస్టు ఆ ఎదురింటోళ్లకు చెప్పుపో. వాళ్లవి రెండు కూలర్లు."

"మేడం," ఓబులేసు గొంతు ముద్దగా వచ్చింది. "కండ్లు తిరుగుతాండాయి."

చౌడమ్మ స్తంభం దగ్గరికి వచ్చి దాన్ని రెండు చేతులా వాటేసుకుంది. పైనుంచి తీగ జారితే నేరుగా ఆమె మీదే పడుతుంది.

"నేనూ ఈడ్నే ఉంటా!" వీధంతా వినపడేలా అరిచింది. "తిప్పుకోండి మీ కూలర్లు! సల్లగా పండుకోండి!"

ఒక ఇంట్లో కూలర్ ఆగింది. ఆ పక్క ఇంట్లోనూ ఆగింది. ఆ తర్వాత ఒక్కో వీధే మూగబోయింది. స్క్రీన్ మీద వోల్టులు వణికి, ఒక్కసారిగా సున్నాకు పడిపోయాయి. దీపం పచ్చబడింది. ఓబులేసు సగం స్పృహతో జారుతూ వచ్చి భార్య భుజాల మీద పడ్డాడు.

మర్నాడు షమీనా ఇల్లిల్లూ తిరిగింది. "జంపరా? మా ఇంట్లోనా? ఛీ ఛీ!" అన్నారందరూ. ఒక్క పెట్టె దగ్గర కూడా అదనపు తీగ కనపడలేదు. ఆమె తేలిక మనసుతో వెనక్కి వస్తుంటే బజారులో ఎలక్ట్రికల్ షాపు ముందు పెద్ద వరుస ఉంది. చప్పుడు చేయని ఫ్యాన్లు వచ్చాయట. సాయంత్రానికల్లా సరుకంతా అయిపోయింది.

పది రోజులకు ఇంకో తీగ తెగింది. షమీనా మౌనం నొక్కింది. ఓబులేసు హెల్మెట్ దీపం పచ్చబడింది. అతను స్తంభం మీద ఒక కాలు వేసి ఆగాడు.

"మేడం, కిటికీ తెరిచి ఒకసారి వినండి."

ఆమె కిటికీ తెరిచి చాలాసేపు చెవి ఒగ్గింది.

"ఏం వినపడుతాంది?"

"ఏమీ వినపడటం లేదు, ఓబులేసూ."

ఓబులేసు కాలు కిందికి తీసేశాడు.