చెరుకు తోటలో ఒంటి తుమ్ము

"ఆ రెడ్‌క్యూర్ సీసాలో ఉన్నది తెగులు మందు కాదు, కలుపు మందు," అన్నాడు చీఫ్ లక్ష్మీనరసింహం. "చోడవరం రైతులు రేపు ఉదయం దాన్నే చెరుక్కి కొట్టబోతున్నారు. తోటలు మాడిపోతే ఇక్కడ అమ్ముడుపోయేది ఆ మందు అంటగడుతున్న విదేశీ ముఠా చక్కెర. ఆపు."

"కొట్టమని రైతులకి ఎవరు చెప్పారు సార్?"

"ఇంటర్నెట్."

ఏజెంట్ ఫణిశ్రీనివాస్ 'చెరుకు ఎర్రకుళ్లు తెగులు' అని సెర్చ్ చేశాడు. ముందు యాడ్స్. వాటి కింద పది వెబ్‌సైట్లు, పదింటిలోనూ ఒకటే మాట: రెడ్‌క్యూర్ వాడండి. అన్నీ ముఠా రాయించినవే. ఒకప్పుడు ఇదే సెర్చ్‌లో శాస్త్రవేత్తల మాట పైన కనిపించేది. ఇప్పుడు ఎంత కిందికి జరిపినా చెత్తే. విసిగిపోయి ఏఐ అసిస్టెంట్‌ని అడిగాడు. అది ఆ పది సైట్లూ చదువుకుని, ఎంతో మర్యాదగా రెడ్‌క్యూరే వాడమంది. తప్పని చెప్పాడు. క్షమించమంది, మీరన్నదే నిజమంది, మళ్లీ రెడ్‌క్యూరే చెప్పింది. ఫోన్‌ని గోడకేసి కొట్టాలనిపించింది. అది ప్రభుత్వానిది కనుక జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పురుగుమందుల సేల్స్‌మన్ వేషంలో చోడవరం రైతు బంగార్రాజు తోటకి చేరేసరికి, రైతులు స్ప్రేయర్లు భుజాన తగిలించుకుంటున్నారు.

"ఆ మందు కొట్టకండి. తోట మాడిపోతుంది."

బంగార్రాజు ఎగాదిగా చూశాడు. "నువ్వేటి అమ్ముకోడానికొచ్చేవు బాబూ? ఫోన్లో పదిమందీ ఇదే మంచిదన్నారు. ఆ ఏఐ కూడా ఇదే సెప్పింది."

వేషమే కొంప ముంచింది. అంతలో రోజా మెసేజ్ వచ్చింది. నల్ల కళ్లద్దాల ఆ చీడికాడ ఊరి సుందరి ముఠాకి ఉద్యోగి, మనవాళ్లకి డబుల్ ఏజెంట్. "రుజువు తెస్తన్నాను. ఆటో వడ్డాదిలో ఆగిపోయింది. కాసేపు ఆపు."

ఎలా ఆపాలి? నడుముకి పిస్టల్ ఉంది గానీ, రైతుల మీదికి ఎత్తేదా? జేబులో హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన కారప్పొడి పెన్ను తగిలింది. శత్రువు కళ్లల్లో కొట్టాల్సింది. తన ముక్కు కిందే నొక్కుకున్నాడు.

"హాచ్."

చేతులన్నీ ఆగిపోయాయి.

"ఒంటి తుమ్ము," అంది బంగార్రాజు భార్య మంగాయమ్మ. "దించండి. కాసేపు కూకుని మంచినీళ్లు తాగండి."

స్ప్రేయర్లు దిగాయి. అప్పుడు ముంచుకొచ్చింది రెండో తుమ్ము. అది గనక బయటపడితే దోషం పోయినట్టే, స్ప్రేయర్లు మళ్లీ లేస్తాయి. ఫణిశ్రీనివాస్ రెండు చేతులా ముక్కు నులిమి పట్టుకున్నాడు. శత్రువుల చేతిలో ఎన్నో పడ్డాడు గానీ ఇలాంటి నరకయాతన ఎన్నడూ పడలేదు.

"ఏటి బాబూ, ఏడుస్తన్నావు?" అంది మంగాయమ్మ.

నీళ్లు తాగడం అయిపోయింది. బంగార్రాజు లేచాడు, స్ప్రేయర్ ఎత్తుకున్నాడు, మీట మీద చెయ్యి వేశాడు.

"ఆగు మావయ్యా."

హైహీల్స్ చేత్తో పట్టుకుని గట్టు మీద పరుగెత్తుకొచ్చింది రోజా. రెండో చేతిలో మాడిన చెరుకు దుబ్బు. "మా తోటలోదే. మొన్న ఈ మందే కొట్టి సూసేను."

బంగార్రాజు ఆకు నలిపాడు. పొడి రాలింది. "మరి పదిమంది సెప్పేరు కదా?"

"ఆ పదిమందీ నేనే మావయ్యా. ఆ సైట్లన్నీ నాచేతే రాయించేరు."

బంగార్రాజు స్ప్రేయర్ దించేశాడు. అప్పుడు తుమ్మాడు ఫణిశ్రీనివాస్, కడుపారా.

రోజా ఇచ్చిన ఆచూకీతో సాయంత్రానికి అనకాపల్లి లాడ్జిలో ముఠా పట్టుబడింది. ఫణిశ్రీనివాస్ పూసగుచ్చినట్టు రిపోర్ట్ పంపాడు. చదివే ఓపిక లేక చీఫ్ సారాంశం చెప్పమని ఆ ఏఐ అసిస్టెంట్‌కే ఇచ్చాడు. వెంటనే జవాబు వచ్చింది: "ఏజెంట్‌కు తీవ్రమైన జలుబు. రెడ్‌క్యూర్ వాడితే తగ్గుతుంది."