మంగ్లీ పేరు మీది సిమ్ములు

బయల్దేరేనాటికి ఏజెంట్ హన్మంత్ చేతిలో ఉన్న సరుకు తక్కువే. మిర్చి వ్యాపారి వేషం, అంగీ గుండీలో మైక్, ఒక కోడ్‌వర్డ్. తప్పితే పోయేది మాత్రం ఒక నిండు ప్రాణం.

2011. ప్రత్యేక రాష్ట్రం కోసం సహాయ నిరాకరణ సాగుతున్న రోజులు. నిఘా శాఖ చీఫ్ బ్రీఫింగ్ ముక్తసరిగా ముగించాడు.

"మహబూబాబాద్‌లో విదేశీ ముఠా దిగింది. వ్యాన్‌లో ఇంటర్‌సెప్టర్ పెట్టె. ఊళ్లకు ఊళ్ల ఫోన్లు వింటోంది. హోం కార్యదర్శి సంతకం లేనిదే మనమే వినకూడదు, వాళ్లెవరు? ఉద్యమానికి సూత్రధారి మంగ్లీ అని తేల్చారు. సాయంత్రంలోగా లేపేస్తారు. కాపాడు."

ఆ పెట్టె నడిపేది రజని. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ముఠాకూ శాఖకూ కూడా పనిచేసే డబుల్ ఏజెంట్. మార్కెట్ యార్డులో హన్మంత్ బస్తా దగ్గర ఆగింది.

"ఘాటెంత?"

"కండ్లు మండేంత."

కోడ్ సరిపోయింది. "పెద్దవంగర దగ్గర తండా. జీపు బయల్దేరుతోంది. పొద్దున్నుంచీ మంగ్లీ పేరున వందల కాల్స్. నీ మైక్ వింటుంటాను."

హన్మంత్ బైకు మీద అడ్డదారిన చేరేసరికి ఒక ముసలమ్మ చేలో మిర్చి ఏరుతోంది. ఆమే మంగ్లీ.

"అవ్వా, నీ ఫోనేది?"

"నాకేం ఫోను బిడ్డా! సిమ్ముకు ఓటరు కార్డు అడిగితే తండల నా ఒక్కదానికే ఉండె. గా జిరాక్స్ పెట్టి పిల్లలందరు సిమ్ములు తీస్కున్నరు. జనగామ కూలికి పోయినోళ్లు, భూపాలపల్లి బొగ్గుబాయికి పోయినోళ్లు, అందరు నా పేరు మీదనే మాట్లాడుతరు. నాతోనే ఒక్కడు మాట్లాడడు!"

బాట మీద దుమ్ము లేచింది. జీపు.

హన్మంత్ పక్క సాలులో మిర్చి ఏరుతున్న ఆమె అల్లుడు బీక్యా వైపు తిరిగాడు. "అన్నా, అవ్వ పేరు మీద సిమ్ములున్నోళ్లందరికీ మిస్డ్ కాల్ కొట్టు. జల్ది!"

"ఏం చెప్పాలె?"

"ఏం చెప్పకు. వాళ్లే తిరిగి చేస్తరు."

జీపులోంచి దిగినవాడి తువ్వాలు కింద పిస్టల్ ఉంది. "మంగ్లీ ఎవరు?"

ముసలమ్మ నడుం ఎత్తింది. "నే..."

వాడి వైర్‌లెస్ గరగరలాడింది. రజని గొంతు. "టార్గెట్ జనగామలో మాట్లాడుతోంది! కాదు, భూపాలపల్లి! నర్మెట్టలో కూడా!"

వాడు తిట్టుకుంటూ జీపెక్కాడు. చీఫ్ పంపిన పోలీసులు మలుపులోనే పట్టుకున్నారు. చీకటిపడేలోగా వ్యాన్ కూడా దొరికింది.

లెక్క తేల్చితే, మంగ్లీ దక్కింది. ముఠా చిక్కింది. రజని మాయమైంది. పెట్టె సాక్ష్యంగా ఆఫీసుకొచ్చింది.

వారం తర్వాత హన్మంత్ ఆ పెట్టె ఉంచిన గది దాటుతుంటే లోపల దాని పచ్చలైటు వెలుగుతోంది. తలుపు సందులోంచి ఒక గొంతు వినిపించింది. తనదే. నిన్న ఫోన్‌లో భార్యతో అన్న మాటలు.

"సంతకం ఉందా సార్?" లోపల ఎవరో అడిగారు.

"తర్వాత పెట్టించుకుందాంలే," చీఫ్ నవ్వాడు.

ఆదివారం హన్మంత్ మళ్లీ తండాకు పోయాడు. ఈసారి ఏ వేషమూ లేదు.

"అవ్వా, జర నీ కార్డు జిరాక్స్ నాకూ ఒకటియ్యవా?"